బ్లేడ్స్ ఇన్ ద డార్క్ రివ్యూ: మమ్మల్ని కూర్చోబెట్టింది ఊరా, రూల్సా?

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరం ఒక పాత్రగా మారి, డైస్ వేస్తూ కథ నడిపే ఈ ఆటలో, దాని అసలు రూల్స్‌తో ఆడిన 14 సెషన్లలో మా ముఠా చాలా ఇళ్లకు కన్నం వేసింది, సరుకుతో సహా ఒక పడవనే ఎత్తుకెళ్లింది, రెండు గూండా గుంపుల మధ్య తగువు పెట్టి ఆ సందులో తన పని తాను చేసుకుపోయింది. కానీ ఒక్క మనిషిని కూడా చంపలేదు. చంపొద్దని జీఎంగా, అంటే ఆట నడిపించే మనిషిగా, నేనెప్పుడూ అనలేదు, అలాంటి నియమమేదీ మేం పెట్టుకోలేదు. మొదటి రోజే గోడౌన్ కాపలావాడి వెనక నక్కి మా తమ్ముడు "అక్కా, వీణ్ని పొడిచేస్తే ఏమవుతుంది?" అని అడిగాడు. ఈ ఊళ్లో ఎవరైనా చనిపోతే దహనశాలలో గంట దానంతటదే మోగుతుంది, ఒక కాకి ఎగిరొచ్చి ఆ పేట మీద తిరుగుతుంది, దాని వెంట కంచు ముసుగుల మనుషులొస్తారు, ఆ పైన మీ ముఠా షీట్ మీద హీట్, అంటే పోలీసుల కన్ను మీ మీద ఎంత పడిందన్న లెక్క, రెండు గళ్లు ఎక్కువ నిండుతుంది అని చెప్పాను. పక్కన కూర్చున్న స్నేహితురాలు "వద్దు తమ్ముడూ, నోట్లో గుడ్డ కుక్కి కట్టేద్దాం" అంది. అంతే, అది ముఠా పద్ధతైపోయింది.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ ఆడేవాళ్ల మధ్య ఎప్పుడూ నడిచే వాదన ఒకటుంది, మనుషుల్ని ఆటలోకి లాగేది సెట్టింగా, రూల్సా అని. సెట్టింగ్ అంటే కథ జరిగే లోకం, అందులో ఊళ్లు, మనుషులు, దేవుళ్లు, దయ్యాలు. రూల్స్ అంటే డైస్ ఎప్పుడు వేయాలి, ఎన్ని వేయాలి, ఏం పడితే ఏమవుతుంది అన్న లెక్క. ఈ రివ్యూ రాయడానికి ముందు మేం ఆ రెంటినీ విడదీసి కూడా ఆడి చూశాం. ఈ ఊరిని వేరే రూల్స్‌తో ఆడాం, ఈ రూల్స్‌ని వేరే ఊళ్లో ఆడాం. అందుకే దీని గురించి కాస్త గట్టిగా మాట్లాడగలననుకుంటున్నా.

ముందు ఆట ఏమిటో చెప్తాను. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ రాసింది జాన్ హార్పర్, 2015 లో కిక్‌స్టార్టర్‌లో డబ్బు సేకరించారు, 2017 లో ఈవిల్ హ్యాట్ ప్రొడక్షన్స్ పుస్తకంగా తెచ్చింది. మీరంతా కలిసి ఒక దొంగల ముఠా. ఊరి పేరు డోస్క్‌వోల్. ఎనిమిది వందల ఏళ్లకు ముందు ఏదో ప్రళయం వచ్చి సూర్యుడు పగిలిపోయాడు, మృత్యుద్వారాలు విరిగిపోయాయి, అప్పట్నుంచి చనిపోయినవాళ్లు ఎక్కడికీ పోలేక దయ్యాలై తిరుగుతుంటారు. ఊరి చుట్టూ మెరుపుల గోడ ఉంటుంది, అది దయ్యాల్ని లోపలికి రానివ్వదు. ఆ గోడకు కావలసిన శక్తి లెవయాథన్లనే రాక్షస జలచరాల రక్తం నుంచి వస్తుంది, ఆ రక్తం కోసం ఓడలు నల్లటి సముద్రంలోకి వేటకు వెళ్తాయి. లోపలేమో కాలువలు, పొగ, ఇరుకు సందులు, గొప్పింటివాళ్ల మేడలు, లంచాలు తినే బ్లూకోట్స్ అనే పోలీసులు.

నన్ను పట్టుకుంది ఈ ఊరే. పుస్తకం కొన్నది ఆ మెరుపుల గోడ గురించి రెండు ముక్కలు ఎక్కడో చదివి. అందులో ఒక గుంపు ఉంది, లాంప్‌బ్లాక్స్ అని, ఒకప్పుడు వీధి దీపాలు వెలిగించేవాళ్ల సంఘం. కరెంటు దీపాలొచ్చి వాళ్ల పని పోయింది, దాంతో దొంగలయ్యారు. వాళ్ల శత్రువులు రెడ్ సాషెస్, వాళ్లది ఒకప్పుడు కత్తిసాము నేర్పే బడి. ఇంత చిన్న మాటలో ఒక గుంపుకి గతం, కోపం, పరువు మూడూ ఇవ్వగలిగిన రాతకు నేను పడిపోయాను, ఇప్పటికీ అదే అంటాను. ఒక్కో పేటకు సంపద ఎంత, కాపలా ఎంత, నేరం ఎంత, దయ్యాల గొడవ ఎంత అని చుక్కల్లో చూపించారు. అది చూస్తే ఎక్కడ కన్నం వేయాలో మీకే తోస్తుంది.

కానీ ఆ ఊరిని బల్ల దగ్గరికి తేవడంలో మొదట పెద్ద తప్పు చేశాం. కొత్త రూల్స్ నేర్చుకోవడం ఎందుకులే అని, చాలామందికి అలవాటైన ఇరవై ముఖాల డైస్ రూల్స్‌తోనే డోస్క్‌వోల్ మొదలుపెట్టాం. ఆ రూల్స్ చెడ్డవి కావు, వాటితో నేను ఏళ్ల తరబడి సంతోషంగా ఆడాను. ఊరి గురించి నేను ఎనిమిది పేజీల నోట్స్ కూడా రాసి అందరికీ పంపాను, చదివింది ఒక్కరే. నాలుగు సెషన్లు ఆడాం. ప్రతిసారీ జరిగింది ఒకటే. మొదటి గంటన్నర ప్లానింగ్. తాడు ఎవరి దగ్గరుంది, నిచ్చెన కొన్నామా లేదా, కిటికీకి ఊచలుంటే ఏం చేద్దాం, కుక్కలుంటే ఏం చేద్దాం. ఆ తర్వాత లోపలికి దూరిన పావుగంటకే ఎవరో ఒకరికి డైస్ మీద తక్కువ పడేది, కాపలావాళ్లు లేచేవాళ్లు, ఇక మిగిలిన సాయంత్రమంతా కొట్లాట. ఎందుకంటే షీట్ నిండా ఉన్నది కత్తులు, కవచాలు, ప్రాణాల అంకెలు. షీట్ మీద ఏముంటే మనిషి చెయ్యి దాని మీదికే పోతుంది కదా. దొంగల ఊళ్లో కూర్చుని సైనికుల్లా ఆడాం. నాలుగో వారం అయ్యాక తమ్ముడన్నాడు, "ఊరు బాగుంది అక్కా, కానీ మనం ఆ ఊళ్లో లేం" అని. వాడు సాధారణంగా ఇలాంటివి పట్టించుకోడు, అందుకే ఆ మాట నాకు బాగా తగిలింది.

ఆ తర్వాతి వారం అసలు రూల్స్ తీశాం.

వీటిలో వాడేవి మామూలు ఆరు ముఖాల డైస్. ఆ పనిలో మీ నేర్పుకు షీట్ మీద ఎన్ని చుక్కలుంటే అన్ని డైస్ వేస్తారు, కూడడాలేమీ లేవు, పెద్దది ఏది పడితే అదే చూస్తారు. ఆరు పడితే పని అయిపోయింది. నాలుగు, అయిదు పడితే పని అవుతుంది కానీ ఏదో ఒకటి మీద పడుతుంది. మూడు, అంతకన్నా తక్కువైతే చెడిపోతుంది. రెండు ఆర్లు పడితే పండగే. అసలు చుక్కలే లేకపోతే రెండు వేసి చిన్నది తీసుకోవాలి. వినడానికి ఇందులో ఏముంది అనిపిస్తుంది, లెక్క వేసి చూడండి. రెండు డైస్‌తో పని ఏదో ఒక రకంగా అయ్యే అవకాశం 75 శాతం, పూర్తిగా అయ్యేది సుమారు 31 శాతం, మిగిలిన 44 శాతం "అయింది, కానీ..." అన్నది. అంటే దాదాపు సగం సార్లు కథ ముందుకే పోతుంది, పోతూ పోతూ ఒక కొత్త చిక్కు తెస్తుంది. జీఎంగా నేను ముందే రాసిపెట్టుకోవాల్సింది పెద్దగా ఉండదు, ఆ "కానీ" తర్వాత ఏముందో ఊరిలోంచి తీసుకుంటే చాలు. తాళం వచ్చింది కానీ గోడలో దయ్యం నిద్ర లేచింది. సంచీ దొరికింది కానీ కిటికీలోంచి ఒక పిల్లాడు మీ ముఖం చూశాడు.

ప్లానింగ్ రోగానికి మందు కూడా రూల్స్‌లోనే ఉంది. ప్లాన్లు ఆరు రకాలు: దాడి, మోసం, చాటుగా దూరడం, క్షుద్రవిద్య, మంచిమాటలు, సరుకు తరలింపు. ఒకటి ఎంచుకుని దానికి సంబంధించి ఒకే ఒక్క వివరం చెప్పాలి, ఉదాహరణకు చాటుగా దూరేట్టయితే ఎక్కణ్నుంచి అని. ఎంత బరువు మోస్తున్నారో చెప్పాలి, తేలిగ్గా అయితే మూడు, మామూలుగా అయితే అయిదు, బరువుగా అయితే ఆరు. సంచీలో ఏముందో ఇప్పుడు చెప్పక్కర్లేదు, అవసరం పడ్డప్పుడు "నా దగ్గర తాడుంది" అని గడిలో టిక్కు పెడితే ఉన్నట్టే. ఆ తర్వాత ఒక్క రోల్, కళ్లు తెరిచేసరికి ముఠా గోడ లోపల ఉంటుంది. గంటన్నర పట్టేది అయిదు నిమిషాలకు వచ్చింది.

ఆరో సెషన్‌లో జరిగింది ఒకటి దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే నా అభిప్రాయం తిరిగిపోయింది అక్కడే. గొప్పింటి విందు. తమ్ముడి పాత్ర స్లైడ్, అంటే మాటలతో పని కానిచ్చే రకం, అరువు కోటు వేసుకుని మేడలోకి వెళ్లాడు. మెట్ల దగ్గర కాపలావాడు వాణ్ని గుర్తుపట్టాడు, చెయ్యి కత్తి మీదికి పోయింది. తమ్ముడు పెన్సిల్ తీసుకుని "ఫ్లాష్‌బ్యాక్" అన్నాడు. ఈ ఆటలో మీరు కథ ఆపి, నిన్నో మొన్నో నేనీ ఏర్పాటు చేసుకున్నాను అని చెప్పొచ్చు, అదెంత కష్టమైనదైతే అంత స్ట్రెస్, అంటే పాత్ర మీద పడే ఒత్తిడి, కట్టాలి, మామూలుదైతే ఏమీ లేదు, కాస్త అరుదైనదైతే ఒకటి, మరీ పెద్ద ఏర్పాటైతే రెండు, ఆ పైన. నిన్న రాత్రి జూదం ఇంట్లో వీడి అప్పు నేనే తీర్చాను అన్నాడు. సరే, ఒకటి కట్టు అన్నాను. స్ట్రెస్ గళ్లు మొత్తం తొమ్మిది, అప్పటికే ఏడు నిండాయి, ఎనిమిదోది నింపాడు. కాపలావాడు తల దించుకుని పక్కకు జరిగాడు. పైన గదిలో పెట్టె తెరవడానికి డైస్ వేస్తే అయిదు. తెరుచుకుంది, కానీ అందులో ఉన్నది ఇంటాయన చనిపోయిన భార్య ఆత్మ. అది వీడి మనసులోకి దూరుతోంది అని చెప్పాను. ఈ ఆటలో వచ్చిన ఆపదను కాదనే హక్కు ప్లేయర్‌కి ఎప్పుడూ ఉంటుంది, డైస్ వేసి పెద్దదాన్ని ఆరులోంచి తీసేస్తే వచ్చినంత స్ట్రెస్ కట్టాలి. వాడికి రెండు పడింది. అంటే నాలుగు కట్టాలి, ఉన్న గడి ఒక్కటి.

గది నిశ్శబ్దమైపోయింది. తొమ్మిదో గడి నిండితే ట్రామా, అంటే మనసుకు తగిలే గాయం, అది ఇక జీవితాంతం పోదు, నాలుగు ట్రామాలైతే ఆ పాత్ర ముఠా వదిలేసి పోవాల్సిందే. ఎనిమిది మాటల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. వాడు చాలాసేపు షీట్ కేసి చూసి "హాంటెడ్", అంటే దయ్యం వెంటాడుతున్నవాడు, అన్న మాట చుట్టూ గుండ్రం గీశాడు. అప్పట్నుంచి వాడి పాత్ర ఖాళీ గదిలోకి వెళ్లేముందు తలుపు కొడుతుంది. నేను చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు, వాడే మొదలుపెట్టాడు. దయ్యాల గురించి నేను పంపిన ఎనిమిది పేజీల్లో ఒక్క పేజీ చదవనివాడు వాడే.

నాకు అర్థమైంది ఏమిటంటే, ప్లేయర్‌కి అందే లోకం రూల్స్ వాడి చేతికి ఎంత ఇస్తే అంతే. మిగతాదంతా జీఎం సొంత ఆనందం. దాన్ని తక్కువ చేయడం లేదు, రాత్రిళ్లు కూర్చుని పేటల గురించి చదవడం నాకు నిజంగా ఇష్టం, కానీ నా నలుగురు ప్లేయర్ల దగ్గరికి డోస్క్‌వోల్ వచ్చింది హీట్ గళ్ల ద్వారా, స్ట్రెస్ ద్వారా, వైస్ ద్వారా. వైస్ అంటే ప్రతి పాత్రకూ ఉండే బలహీనత, జూదమో, మత్తో, భక్తో, విలాసమో, ఇలా ఏడు రకాలు. స్ట్రెస్ దిగాలంటే దాని దగ్గరికే పోవాలి, అక్కడ కూడా డైసే. దిగాల్సిన దానికన్నా ఎక్కువ పడితే హద్దు మీరినట్టు, దాంతో ఇంకో గొడవ. స్నేహితురాలి భర్త తన పాత్రకు బాధ్యత అన్నది ఎంచుకున్నాడు, జబ్బుపడ్డ అమ్మ ఉంది అన్నాడు. ప్రతి దొంగతనం తర్వాత ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్లి కూర్చుంటాడు. ఆట మొత్తంలో అందరం ఎదురుచూసే సీన్ అదైపోయింది. ఆయన మొదట్లో "నేను ఊరికే తోడొచ్చానండీ, నాకివేవీ రావు" అన్న మనిషి.

అయితే రూల్సే గొప్పవి, ఊరు ఏదైనా ఒకటే అని తేల్చేద్దామా? అదే అనుకుని ఇంకో పని చేశాం. ఈ రూల్స్ సారాంశం క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగానే ఉంది, దాన్ని పెట్టుకుని ఎంతోమంది సొంత ఆటలు చేశారు, వాటన్నిటినీ ఫోర్జ్‌డ్ ఇన్ ద డార్క్ ఆటలంటారు. అంతరిక్ష దొంగల స్కమ్ అండ్ విలనీ, ఓడిపోయిన సైన్యం కథ బ్యాండ్ ఆఫ్ బ్లేడ్స్ ఆ కుటుంబానివే. సరే మనం కూడా చేద్దామని నేను సొంతంగా ఒక లోకం అల్లాను. ఎడారి, ఒంటెల బిడారులు, ఒయాసిస్సుకొక పట్నం, ఉప్పు వ్యాపారం. రూల్స్ ఒక్క అక్షరం మార్చలేదు.

మూడు సెషన్లకే అది చప్పబడింది, ఎందుకో చెప్పడానికి నాకు వారం పట్టింది. డైస్ అవే, స్ట్రెస్ అదే, ఫ్లాష్‌బ్యాక్ అదే. కానీ రెండో దొంగతనం అయ్యాక హీట్ ఆరుకి చేరింది, స్నేహితురాలు మామూలుగా అంది, "పక్క పట్నానికి పోదామా?" పోయారు. హీట్ సున్నా. కొత్త పట్నంలో మాకు శత్రువులు లేరు, అప్పులు లేవు, మమ్మల్ని చూసినవాళ్లు లేరు. డోస్క్‌వోల్‌లో అది కుదరదు, గోడ దాటితే బయటంతా మృత్యుభూమి. చేసిన తప్పుతో ఆ ఊళ్లోనే బతకాలి. హీట్ తొమ్మిది గళ్లు నిండితే వాంటెడ్ లెవెల్, అంటే పోలీసులు మీ కోసం ఎంత గట్టిగా వెతుకుతున్నారన్న మెట్టు, పెరుగుతుంది, అది తగ్గాలంటే ముఠాలో ఎవరో ఒకరు, లేదా మీ కోసం నేరం మీదేసుకునే మనిషెవరో జైలుకి పోవాల్సిందే. ఆ రూల్‌కి పదునుంది అంటే ఆ గోడ వల్లే. నేను అందం కోసం పెట్టారనుకున్న మెరుపుల గోడ, ఆట మొత్తాన్ని నిలబెడుతున్న దూలం. ఎడారిలో ఆ దూలం తీసేసి ఇల్లు ఎందుకు కూలిందా అని కూర్చున్నాను.

ఈ రెండు అనుభవాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మిగతా ఆటలు కూడా నాకు వేరేగా కనిపిస్తున్నాయి. 1974 లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మొదటిసారి వచ్చినప్పుడు ఆ పెట్టెలో ఉన్నవి మూడు చిన్న పుస్తకాలు, పూసగుచ్చినట్టు వర్ణించిన లోకమేదీ వాటిలో లేదు, ఎవరి లోకం వాళ్లే అల్లుకున్నారు. అయినా జనం ఎగబడ్డారు. 1986 నాటి గర్ప్స్ అయితే ఏ లోకానికైనా పనికొచ్చే రూల్స్ అనే చెప్పుకుని వచ్చింది, దానికీ అభిమానులున్నారు, ఆ రూల్స్ మీద ప్రేమతోనే. ఇటు పక్కన 1989 లో మొదలైన షాడోరన్. మంత్రాలు, కంప్యూటర్లు, మహా కంపెనీలు కలిసిన ఆ లోకం పేరెత్తితే కళ్లు మెరిసేవాళ్లు నాకు తెలుసు, వాళ్లే రూల్స్ మాటెత్తితే తల పట్టుకుంటారు, గుప్పెళ్ల కొద్దీ డైస్, పేజీల కొద్దీ మినహాయింపులు. ఆరు ఎడిషన్లు వచ్చాక కూడా ఆ లోకాన్ని తీసుకుని వేరే తేలికైన రూల్స్‌తో ఆడుకునేవాళ్లున్నారు. నా లెక్కలో అన్నిటికన్నా తెలివైనది 1981 నాటి కాల్ ఆఫ్ కతూలూ. అందులో లోకం వెనక దాగున్న భయంకర రహస్యాల గురించి మీ పాత్రకు జ్ఞానం పెరిగేకొద్దీ మతి స్థిమితానికి ఉన్న గరిష్ఠ హద్దు తగ్గిపోతుంది. చదివితే పిచ్చెక్కే పుస్తకాల లోకం అని వర్ణించడం తేలిక, చదవాలా వద్దా అని ప్లేయర్ చెయ్యి వణికేలా ఒక అంకెను పెట్టడం కష్టం. బ్లేడ్స్ చేసింది సరిగ్గా అదే, ఆట మొత్తానికి.

ఇప్పుడు నాకు నచ్చనివి, దాచకుండా చెప్తాను. మొదటిది పుస్తకం వరస. పాత్రలు, ముఠా, స్కోర్ (అంటే దొంగతనం), ఖాళీ సమయం, అన్నీ అయ్యాక ఎక్కడో చివరి అధ్యాయంలో ఊరు వస్తుంది. నాలా ఊరి కోసం కొన్నవాళ్లు ముందు రూల్స్ అడవి దాటాలి. పోనీ రూల్స్ కోసం వచ్చినవాళ్లకైనా తేలికా అంటే, ఒక మాటకు అర్థం తెలియాలంటే ఇంకో అధ్యాయానికి పోవాలి, అక్కడ మూడో అధ్యాయం గురించి చెప్తారు. నేను రెండుసార్లు పూర్తిగా చదివాక గానీ ఆడించే ధైర్యం రాలేదు. మీరు చివరి అధ్యాయంతో మొదలుపెట్టండి, ఏమీ నష్టం లేదు.

రెండోది పొజిషన్, ఎఫెక్ట్ గొడవ. ప్రతి రోల్‌కి ముందు పరిస్థితి ఎంత ప్రమాదకరం, మూడు మెట్లలో ఏది, పని జరిగితే ఎంత జరుగుతుంది, అదీ మూడు మెట్లలో ఏది అని జీఎం చెప్పాలి, ప్లేయర్ బేరమాడొచ్చు, రెండు స్ట్రెస్ కట్టి ఒక డైస్ ఎక్కువ తీసుకోవచ్చు, లేదా ఏదో ఒక చిక్కును ముందే ఒప్పుకుని అదే డైస్ తీసుకోవచ్చు, తోటివాళ్లు ఒక స్ట్రెస్ కట్టి సాయం చేయొచ్చు. అలవాటయ్యాక ఇది ఆటలో మంచి భాగం, ఎందుకంటే డైస్ వేసేముందే ఏం పోతుందో అందరికీ తెలుసు, తర్వాత జీఎం మీద అలగడానికి ఏమీ ఉండదు. కానీ మొదటి మూడు సెషన్లు మాత్రం ప్రతి రోల్‌కి ఒక పంచాయితీ నడిచింది. అది తట్టుకుంటేనే నాలుగోది వస్తుంది. కొత్తవాళ్లతో మొదటి రోజు బేరం అంతా పక్కన పెట్టి, ఎంత ప్రమాదకరమో మాత్రం చెప్పి డైస్ వేయించండి, మిగతావి ఒక్కోటీ తర్వాత కలపొచ్చు.

మూడోది నా ప్లేయర్లలో ఒకరి ఫిర్యాదు, నాది కాదు. దొంగతనం అయ్యాక వచ్చే ఖాళీ సమయం, అంటే పేరెంత పెరిగింది, నాణేలెన్ని, హీట్ ఎంత, ఎవరికెన్ని పనులు, ఇదంతా చిట్టా రాసినట్టు ఉంటుందని ఆవిడకు విసుగు. సెట్టింగ్ కోసం వచ్చింది ఆవిడే, నా నోట్స్ చదివిన ఆ ఒక్క మనిషీ ఆవిడే. నేను దీన్ని ఎక్కువగా పట్టించుకోలేదు మొదట్లో. తర్వాత ప్రతి లెక్కకూ ముందు ఒక చిన్న సీన్ పెట్టడం మొదలుపెట్టాం, హీట్ తగ్గించాలంటే ఏ బ్లూకోట్‌కి ఎక్కడ ఎంత ముట్టజెప్పారో చూపించాలి. ఆవిడ విసుగు తగ్గింది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి, ఊళ్లో ఊరికే తిరగాలి, ఎవరితోనో కబుర్లు చెప్పాలి అనుకునేవాళ్లను ఈ ఆట కాస్త తొందరపెడుతుంది. దీనికి ఎప్పుడూ తర్వాతి దొంగతనం మీదే ధ్యాస.

క్లాక్స్ గురించి చెప్పకపోతే అన్యాయం చేసినట్టే. ఒక వృత్తం గీసి నాలుగో, ఆరో, ఎనిమిదో ముక్కలు చేస్తారు, ఏదైనా ముంచుకొస్తున్న సంగతికి పేరు పెట్టి ఒక్కో ముక్క నింపుతూ పోతారు. కాపలావాళ్ల అనుమానం, రెడ్ సాషెస్ ప్రతీకారం, ఇలా. ఖర్చు ఒక కాగితం, ఒక పెన్ను. నేను ఆడే ప్రతి ఆటలోకీ దీన్ని తీసుకెళ్లాను, లోకం ఏదైనా, రూల్స్ ఏవైనా. అందరి కళ్ల ముందు బల్ల మధ్యలో ఎనిమిదికి ఆరు ముక్కలు నల్లబడి ఉంటే ఆ టెన్షన్ ఏ వర్ణనతోనూ రాదు.

ఎవరు కొనాలి? కొట్లాటలో ప్రతి అడుగూ గళ్ల మీద లెక్కపెట్టి ఆడటం మీకిష్టమైతే ఇది మీకు కాదు, ఇందులో ఒక పెద్ద కొట్లాట మూడు రోల్స్‌లో తేలిపోవచ్చు. మంచివాళ్లుగానే ఆడాలనుకునేవాళ్లు కూడా ఆలోచించుకోండి, మీరు చేసేది దొంగతనమే, ఎంత మర్యాదగా చేసినా. ఒకే సాయంత్రంలో ముగించాలన్నా అంతగా కుదరదు, హీట్ సంగతి రెండో దొంగతనానికి గానీ తెలియదు. ఒక జీఎం, ముగ్గురో నలుగురో మనుషులు, వరసగా కనీసం ఆరు వారాలు దొరుకుతాయంటే మాత్రం నిస్సందేహంగా చెప్తాను, తీసుకోండి. మీ గుంపులో లోకం గురించి చదవడం ఇష్టమున్నవాళ్లు ఒక్కరే ఉన్నా చాలు, మిగతావాళ్లకు ఊరు డైస్ దగ్గరే దొరుకుతుంది.

కొనేముందు చూసుకోవాలంటే క్యారెక్టర్ షీట్లు, ముఠా షీట్లు ఆట వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఏడు రకాల పాత్రలు, ఆరు రకాల ముఠాలు. ప్రింట్ తీసి బల్ల మీద పరిచి, ఏ రకం మనిషవుతారో ఎంచుకోమనండి, ఏమీ వివరించకండి. ఆ షీట్ల మీద రాసున్న పరిచయస్తుల పేర్లు చదివి ఎవరైనా "ఈవిడెవరు, నాకెందుకు శత్రువు?" అని అడిగితే పుస్తకం ఆర్డర్ పెట్టేయండి. మొదలుపెట్టేది మాత్రం పుస్తకంలో ఇచ్చిన క్రోస్‌ఫుట్ పేట గొడవతోనే మొదలుపెట్టండి. లాంప్‌బ్లాక్స్ నాయకుడు బాజో బాజ్ మీ ముఠాను పిలిచి, రెడ్ సాషెస్‌తో యుద్ధంలో మీరెటు అని అడుగుతాడు. మేం ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా 14 వారాలు నెట్టుకొచ్చాం, ఇప్పుడు ఆయన ఓపికకు నేను గీసిన క్లాక్‌లో ఒక్క ముక్కే ఖాళీ ఉంది.